బాబిన్ అయిపోయినప్పుడల్లా ఐదుసార్లు: ఒక టైలరమ్మ ఎముకల కేసు

ఆమె నా దగ్గరికి వచ్చింది మణికట్టు కోసం. వయసు 53, విరిగింది కుడిచెయ్యి. ఆరు వారాల తర్వాత సిమెంటు కట్టు విప్పారు. వేళ్లు ఇంకా వాచి ఉన్నాయి, మణికట్టు వంగడం లేదు, కత్తెర పట్టు చిక్కడం లేదు. లేడీస్ టైలర్, ముఖ్యంగా జాకెట్లు కుడుతుంది. శ్రావణ మాసం ఇంకో రెండు నెలలుంది. "ఈ చెయ్యొక్కటీ తిన్నగా చేసి పంపించండి డాక్టరమ్మా, మిగతాది నేను చూసుకుంటా" అంది. నేను డాక్టర్‌ని కాను, ఫిజియోథెరపిస్టునని మొదటిరోజే చెప్పాను. ఇప్పటికీ డాక్టరమ్మనే.

చెయ్యి వరకే అయితే ఈ కేసులో రాయడానికేమీ లేదు. పది వారాల్లో కత్తెర పట్టింది, శ్రావణానికి సగం ఆర్డర్లు తీసుకుంది. నేను రాస్తున్నది ఆ చెయ్యి అసలెందుకు విరిగిందన్న దాని గురించి. ఆ తర్వాత నేను చేసిన రెండు తప్పుల గురించి కూడా. ఆమె అనుమతి తీసుకున్నాను. పేరు, పేట, ఇంటి సంగతులు కొన్ని మార్చాను. విజయవాడ అన్నది మాత్రం మార్చలేదు, ఈ ఊళ్లో జాకెట్లు కుట్టేవాళ్లు తక్కువేం కాదు కాబట్టి ఫరవాలేదు.

పడిన తీరు

తెల్లవారుజామున ఐదింటికి వాకిలి కడిగి ముగ్గు వేయబోతుంటే తడి సిమెంటు మీద కాలు జారింది. చెయ్యి ఆన్చింది. అంతే. మెట్ల మీద నుంచి కాదు, బండి మీద నుంచి కాదు, నిలబడ్డచోటే పడింది. యాభై దాటిన మనిషి తన ఎత్తు నుంచి పడి ఎముక విరగ్గొట్టుకుంటే దాన్ని "జారి పడింది పాపం" అని వదిలేయకూడదు. ఎముక పెళుసైందేమోనని వెతకాలి. చాలామంది ఆడవాళ్లలో ముందు విరిగేది మణికట్టు, తర్వాత వెన్నుపూస, చివర్లో తుంటి. మొదటిది విరిగినప్పుడే పట్టుకుంటే చివరిదాన్ని ఆపే అవకాశం ఉంటుంది.

అడిగితే చెప్పిన సంగతులివి. నెలసరి ఆగింది 45వ ఏట. తల్లి చివరి రోజుల్లో బాగా వంగిపోయింది, "ముసలితనం కదా" అనుకున్నారు. థైరాయిడ్ లేదు, స్టెరాయిడ్ మందులు వాడలేదు. రెండేళ్ల కిందట వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఉచిత శిబిరం పెట్టి మడమ మీద ఒక మిషన్‌తో చూసి "ఎముకలు బాగున్నాయి" అని కార్డు రాసిచ్చారు. ఆ కార్డు ఆమె దగ్గర భద్రంగా ఉంది. మడమ మీద చేసేది అల్ట్రాసౌండ్. ప్రమాదం ఉన్నవాళ్లను జల్లెడ పట్టడానికి కొంత పనికొస్తుందేమోగానీ వెన్ను, తుంటి సంగతి డెక్సాలా (ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే స్కాన్) తేల్చదు. ఈ కార్డులు చూపించి ధీమాగా కూర్చున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇంకో ధీమా నడక. "రోజూ గ్రౌండ్‌లో ఐదు రౌండ్లు. వానొస్తే తప్ప మానను. నాకెందుకు వస్తుంది ఎముకల జబ్బు?" ఈ ప్రశ్నకి నా దగ్గర అప్పటికప్పుడు సరైన జవాబు లేదు. "నడక మంచిదేలే అక్కా" అని ఊరుకున్నాను.

ఒకరోజు సాయంత్రం ఆమె షాపుకే వెళ్లి కూర్చున్నాను, కుట్టేటప్పుడు మణికట్టు ఎలా పెడుతోందో చూద్దామని. చూసింది మాత్రం మిగతా ఒళ్లు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిది వరకు మిషన్ ముందే. మధ్యలో భోజనానికి లేస్తుంది. మెడ వంచి, వీపు గుండ్రంగా చేసి సూది మీదకి వాలి ఉంటుంది. కటింగ్ కూడా నేల మీద చాప పరిచి వంగే చేస్తుంది. ఆరేళ్ల కిందట మిషన్‌కి మోటారు పెట్టించింది. కాలితో తొక్కే పని కూడా పోయింది. తొక్కుడు మిషన్ ఉంటే ఎముకలు గట్టిపడేవని నేననను. కూర్చుని పాదం ఆడించినంత మాత్రాన తుంటి మీద బరువేమీ పడదు. కానీ మోటారు వచ్చాక రోజుకి పది జాకెట్ల పని పద్నాలుగైంది, కూర్చునే గంటలు పెరిగాయి. అదీ అసలు మార్పు.

డెక్సా

ఎముక డాక్టరుగారికి నేనే ఉత్తరం రాశాను: నిలబడ్డ ఎత్తు నుంచి పడి విరిగింది, నెలసరి త్వరగా ఆగింది, డెక్సా, విటమిన్ డి చూడగలరా అని. ఆయన వెంటనే రాశారు. వెన్ను టీ-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటు ఎముక సాంద్రతతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.6, తుంటి మెడ దగ్గర, అంటే తొడ ఎముక తల కింది సన్నటి భాగంలో, మైనస్ 2.1. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన గీత మైనస్ 2.5. అది, అంతకన్నా కిందది ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం. విటమిన్ డి మిల్లీలీటరు రక్తానికి 14 నానోగ్రాములు. ఇరవై కన్నా తక్కువైతే లోపమంటారు.

ఎండ మండిపోయే విజయవాడలో డి లోపమేమిటని ఆమె నవ్వింది. ముగ్గు వేసి చీకట్లోనే నడకకి వెళ్తుంది, సూర్యుడొచ్చేలోపు ఇంటికొస్తుంది. చర్మంలో విటమిన్ డి తయారుచేసే కిరణాలు ఎక్కువగా నడి పగలు వస్తాయి. ఆ టైముకి బెజవాడలో బుద్ధున్నవాళ్లెవరూ బయట తిరగరు. డాక్టరుగారు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు 60,000 యూనిట్ల సాషే, రోజూ కాల్షియం రాశారు. ఎముకలకి మందు మొదలుపెడదామన్నారు. ఆమె వద్దంది. పక్కింటావిడకి ఏదో మాత్రతో కడుపులో మంట వచ్చిందట. ఆ సంగతి తర్వాత చూద్దామని వాయిదా పడింది.

నా దగ్గర తీసిన కొలతలు: కుర్చీలోంచి చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 14.6 సెకన్లు. 2019లో ఆసియా దేశాల నిపుణుల బృందం పెట్టిన హద్దు ప్రకారం 12 సెకన్లు, ఆపైన పడితే కండ శక్తి తగ్గినట్టు. ఎడమ కాలి మీద నిలబడింది 4 సెకన్లు. రోజూ యాభై నిమిషాలు నడిచే మనిషి అంకెలివి.

నడక ఎందుకు చాల్లేదు

ఆ రాత్రి కూర్చుని మళ్లీ చదివాను. చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం బట్టీ పట్టినవే.

ఎముక తన మీద పడే బరువుకి తగ్గట్టు తన్ను తాను దిద్దుకుంటుందని జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. అయితే ఎలాంటి బరువు? 1984లో రూబిన్, లాన్యన్ అనే ఇద్దరు పక్షుల రెక్క ఎముక మీద ప్రయోగం చేశారు. రెక్కని కదలకుండా వదిలేస్తే ఎముక తరిగిపోయింది. రోజుకి నాలుగుసార్లు గట్టిగా లోడు వేస్తే తరగడం ఆగింది. 36 సార్లు వేస్తే పెరిగింది. 360 సార్లు, 1800 సార్లు వేసినా అంతకుమించి పెరగలేదు. అంటే ఎముకకి కావలసింది ఎక్కువసార్లు కాదు. కొన్నిసార్లే, కానీ గట్టిగా, కాస్త వేగంగా, రోజూ అలవాటున్న దానికన్నా భిన్నంగా. టెన్నిస్ ఆడేవాళ్లకి రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతికన్నా మందంగా ఉంటుంది. గంటలకొద్దీ ఈదేవాళ్లకి, సైకిల్ తొక్కేవాళ్లకి గుండె గట్టిదే, ఎముకలు మాత్రం అంత గట్టివి కావు. అంతరిక్షంలో బరువే తెలియని వ్యోమగాములకి తుంటి ఎముక నెలకి సుమారు 1 నుంచి 1.5 శాతం తరుగుతుంది.

ఇప్పుడు ఆమె నడక చూడండి. ఇద్దరు స్నేహితురాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ, మెత్తటి చెప్పులతో, చదును నేల మీద, పన్నెండేళ్లుగా అదే వేగం. ఆ లోడు ఎముకకి ఎప్పుడో అలవాటైపోయింది. రూబిన్, లాన్యన్ లెక్కలో అది 1800 గడి, అదీ చిన్న బరువుతో. నడక వల్ల బీపీకి, షుగరుకి, మనసుకి ఎంతో మేలు, అందులో తిరుగులేదు. మానమని నేను చెప్పలేదు, చెప్పను. కానీ గుల్లబారిన ఎముకకి అదొక్కటే చికిత్స అనుకోవడం పొరపాటు. ఆ పొరపాటు ఆమెదొక్కతెదే కాదు, "నడక మంచిదేలే" అన్న నాది కూడా.

మొదటి ప్రయత్నం: తొమ్మిది బొమ్మల కాగితం

ఇంత చదివీ నేను చేసిందేమిటంటే ఒక కాగితం ఇచ్చాను. తొమ్మిది వ్యాయామాలు, ఒక్కోటి పదేసి చొప్పున మూడు విడతలు, పసుపు రంగు రబ్బరు బ్యాండు. ప్రతి అరగంటకీ లేవమని ఫోన్లో అలారం.

ఆరు వారాల తర్వాత 14.6 కాస్తా 14.1 అయింది. అది మెరుగుదల కాదు, గడియారం నొక్కడంలో తేడా. ఎన్నాళ్లు చేశావక్కా అంటే మొహమాటపడకుండా చెప్పింది: "తొమ్మిది రోజులు. తర్వాత కాగితం ప్యాటర్ను కింద కలిసిపోయింది." అలారం ఇంకా ముందే చచ్చింది. "కాలరు తిప్పేటప్పుడు మోగితే ఏం లేస్తాను? గుడ్డ జరిగితే వెయ్యి రూపాయల జాకెట్టు పాడవుతుంది."

తప్పు ఆమె మీద తోసేయడం సులువే. "పేషెంటు సహకరించలేదు" అని రాసుకుంటాం. ఇక్కడ అది నిజం కాదు. మొదటిది, ఇచ్చిన బరువే చాలదు. పసుపు బ్యాండు బాగా తేలికది. తొమ్మిది కాదు, తొంభై రోజులు చేసినా ఎముకకి ఏమీ వినిపించదు. మరి ఎందుకిచ్చాను? రిపోర్టులో ఆస్టియోపొరోసిస్ అన్న మాట చూసి భయపడ్డాను. ఏదైనా విరిగితే నా తల మీదకి వస్తుందని. ఆమె ఇంట్లోనూ అదే జరిగింది. డెక్సా వచ్చిన రోజు నుంచి భర్త ఆమెని బిందె ఎత్తనివ్వలేదు, కూతురు కూరగాయల సంచి లాక్కునేది. ఎముకకి బరువు కావాల్సిన సమయానికి ఇంటిల్లిపాదీ, నాతో సహా, ఆమె మీద నుంచి బరువు దించేశాం.

రెండోది, ఏం చేయాలో చెప్పానుగానీ ఏం చేయకూడదో చెప్పలేదు. ఈ రెండోదానికి ధర ఎక్కువే పడింది.

నాకు తెలియకుండా జరిగింది

కాగితం బోరు కొట్టి ఆమె దగ్గర్లోని కమ్యూనిటీ హాల్లో యోగా క్లాసులో చేరింది. మంచి ఉద్దేశంతోనే. మూడో వారంలో కాళ్లు చాపి కూర్చుని కాలి బొటనవేళ్లు అందుకునే ఆసనం వేస్తుంటే వెనక నుంచి కాస్త నొక్కారట, "ఇంకా వంగుతారమ్మా" అని. వీపు మధ్యలో చురుక్కుమంది. వాతమనుకుని బామ్ రాసుకుంది. తొమ్మిది రోజుల తర్వాత, అదీ చెయ్యి చూపించుకోవడానికి వచ్చి, మాటల్లో చెప్పింది.

యోగాని తిట్టడానికి ఇది రాయడం లేదు. వీరభద్రాసనం, వృక్షాసనం నేను కూడా చేయిస్తాను. సమస్య ఒక్క దిశలోనే ఉంది, నడుము దగ్గర ముందుకి వంగడంలో. వెన్నుపూస ముందు భాగం మీద ఒత్తిడంతా అప్పుడే పడుతుంది. 1984లో సినాకి, మిక్కెల్సెన్ అచ్చు వేసిన పరిశీలనలో ఆస్టియోపొరోసిస్ ఉన్న 59 మంది ఆడవాళ్లున్నారు. ముందుకి వంగే వ్యాయామాలు చేసినవాళ్లలో 89 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు నలిగాయి. వెనక్కి నిటారయ్యే వ్యాయామాలు చేసినవాళ్లలో 16 శాతం. చిన్న పరిశీలనే, ఇవాళ్టి కొలమానాలకి పూర్తిగా నిలవదు కూడా. అయినా నలభై ఏళ్ల కిందటి ఆ సంగతి నేను చదివే ఉన్నాను. చెప్పాల్సిన ఒక్క ముక్కా చెప్పలేదు.

నొప్పి ఒక మోస్తరుగా ఉంది, నడుస్తోంది, కుడుతోంది. కండ పట్టేసిందనుకోవచ్చు. ఎక్స్‌రే దాకా వెళ్లాలా అని ఆలోచిస్తుంటే ఆమే ఇంకో మాట అంది. "ఈ మధ్య నా జాకెట్లు నాకే కుదరడం లేదు. వెనక పైకి లేస్తోంది, ముందు బుడగ వస్తోంది. లావయ్యానేమోనని టేపు పెట్టాను. నడుము, ఛాతీ అంతే ఉన్నాయి. వెనక పొడుగు ముప్పావు అంగుళం పెరిగింది, ముందు పొడుగు అర అంగుళం తగ్గింది."

నేను అవాక్కయ్యాను. వెన్ను ముందు వైపు కూలి గూని మొదలైతే జాకెట్టు కొలతలు మారేది సరిగ్గా అలాగే. మేం గోడకి ఆనించి, ఎత్తు కొలిచి, పాత ఎత్తు గుర్తు లేక తంటాలు పడతాం. ఆమె దగ్గర పాతికేళ్ల కొలతల పుస్తకం ఉంది, అందులో తన పేజీ కూడా ఉంది.

ఎక్స్‌రేలో డి12 వెన్నుపూస (ఛాతీ వెనకుండే వెన్నుపూసల్లో ఆఖరిది) ముందు వైపు నాలుగో వంతు దాకా నలిగి ఉంది. అది ఆ ఆసనంలోనే నలిగిందా, ముందే కొంత నలిగి ఉందా అన్నది ఆ ఒక్క ఎక్స్‌రేతో తేలదు. జాకెట్టు పుస్తకం ప్రకారం మార్పు ఏడాది నుంచే ఉంది. ఏదైతేనేం, వెన్నుపూస విరిగిందంటే టీ-స్కోరు ఎంతన్నదానితో పని లేకుండా మందు అవసరమే. ఈసారి ఆమె వాదించలేదు. రోజూ మాత్ర కాకుండా ఏడాదికోసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఒప్పుకుంది. డి సరిపోయిందా, కిడ్నీలు బాగున్నాయా, పీకాల్సిన పళ్లేమైనా ఉన్నాయా అని చూసుకుని డాక్టరుగారు ఇచ్చారు. మర్నాడు జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చాయి. అలా రావచ్చని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు.

మళ్లీ మొదలు, ఈసారి బరువుతో

ఆరు వారాలు నొప్పి తగ్గేదాకా ఆగాం. అప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. భయపడి మళ్లీ పసుపు బ్యాండు ఇవ్వడం ఒకటి. నా కళ్లెదుట, పద్ధతిగా, నిజమైన బరువు ఎత్తించడం రెండోది.

రెండోదానికి ధైర్యమిచ్చింది ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన లిఫ్ట్‌మోర్ అనే అధ్యయనం. 2018లో వచ్చింది. నెలసరి ఆగి ఎముక సాంద్రత తగ్గిన 101 మంది ఆడవాళ్లు. వారానికి రెండుసార్లు, అరగంట, కోచ్ పర్యవేక్షణలో, ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 85 శాతానికి పైన. ఎనిమిది నెలల్లో వాళ్ల వెన్ను సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలిక వ్యాయామాలు చేసుకున్న పోలిక గుంపుకి 1.2 శాతం తగ్గింది. చదువుతుంటే సిగ్గేసింది. నా తొమ్మిది బొమ్మల కాగితం అచ్చం ఆ పోలిక గుంపుకిచ్చినదాని లాంటిదే.

అయితే దాన్ని యథాతథంగా దింపలేదు. ఆమెకి తాజాగా వెన్నుపూస విరిగి ఉంది. అందుకని గెంతులు తీసేశాను. తల మీదకి బరువు ఎత్తడం తీసేశాను. డాక్టరుగారితో మాట్లాడి "ఇంకా రెండుసార్లు ఎత్తగలను" అనిపించే దగ్గర ఆపుదామని ఒప్పందం చేసుకున్నాం. సోమ, గురువారాలు, మధ్యాహ్నం రెండున్నరకి. ఆ టైముకి షాపులో గిరాకీ ఉండదు. శుక్రవారం పెట్టమంటే పూజ ఉందంది. ఇంటి దగ్గర చేసుకో అన్న మాటే ఎత్తలేదు.

మొదటి మూడు వారాలు బరువే లేదు. ఒక కర్రని తల వెనక, వీపు, పిరుదుల మధ్య మూడు చోట్ల ఆనించి, ఏ చోటా ఊడకుండా తుంటి దగ్గర మాత్రమే వంగడం. ఇది చెప్పడానికి నాకు మాటలు చాల్లేదు. వెన్ను నిటారు, తుంటి వెనక్కి, మోకాళ్లు కాస్త మడత అని ఎన్నిసార్లు చెప్పినా వీపు గుండ్రం చేసేది. చివరికి "సంకలో బిడ్డనెత్తుకుని వెనక స్టూలుందో లేదో చూసుకుంటూ కూర్చోబోయినట్టు" అన్నాను. ఒక్కసారిగా కుదిరింది.

తర్వాత పీట ఎత్తు మీద నుంచి 8 కిలోలతో మొదలు, ఐదేసి చొప్పున మూడు విడతలు. ఐదూ తేలికనిపిస్తే తర్వాతి వారం కిలో, రెండు కిలోలు. దాంతోపాటు ఒంటి ముందు బరువు పట్టుకుని కుర్చీలోంచి లేవడం, బ్యాండు కాకుండా డంబెల్‌తో వెనక్కి లాగడం, బోర్లా పడుకుని ఛాతీ కొద్దిగా ఎత్తి ఉంచడం. ఆఖరున గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి మడమలు నేలకి దభీమని దించడం, పదిసార్లు. గెంతులకి బదులు నేనిచ్చిన కాస్త అదురు అదే. నాలుగో నెలలో 20 కిలోలు దాటిన రోజు "ఇది మా ఇంటి వాటర్ క్యాన్ కదా" అంది. ఇంటికెళ్లి ఎత్తి చూపించిందట. భర్త నాకు ఫోన్ చేసి గట్టిగానే అడిగారు. మర్నాడు ఆయన్నీ పిలిచి కర్ర పట్టించాను.

తిండి గురించి ఎక్కువ చెప్పను. ఇడ్లీ, చట్నీ, మధ్యాహ్నం పలుచటి పప్పుతో రోజుకి నలభై గ్రాముల ప్రొటీన్ కూడా దాటడం లేదు. పొద్దున పెసరట్టు, రెండు పూటలా పెరుగు, తినే రోజుల్లో గుడ్డు పెట్టాం. రాగుల్లో వంద గ్రాములకి దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, రోజుకి కనీసం వెయ్యి కావాలి, అందుకని రాగి జావ కొనసాగించింది.

కూర్చోవడం సంగతి

దీని మీద నాకు తెలిసినంతవరకు ఆధారం బరువుల దానంత గట్టిది కాదు. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే లెక్కలతో 2014లో వచ్చిన ఒక విశ్లేషణలో, ఎక్కువ కూర్చునే ఆడవాళ్లకి తుంటి సాంద్రత తక్కువగా కనిపించింది, విడిగా వ్యాయామం ఎంత చేస్తారన్నది లెక్కలోకి తీసుకున్నా కూడా. మగవాళ్లలో ఆ సంబంధం కనిపించలేదు. ఒక్కసారి కొలిచిన లెక్క అది. కూర్చోవడం వల్ల ఎముక తగ్గిందా, ఒంట్లో సత్తువ లేక ఎక్కువ కూర్చుంటున్నారా అన్నది దానితో తేలదు. కాబట్టి లేచి నిలబడితే ఎముక పెరుగుతుందని ఆమెకి నేను చెప్పలేదు. పది గంటలు వీపు గుండ్రంగా ఉండటం ఆపాలి, తొడ కండకి పని దొరకాలి, అంతే చెప్పాను.

అలారం పనిచేయలేదు కదా. గంటతో కాకుండా పనితో ముడిపెట్టాలి. ఒక జాకెట్టుకి ఎన్నిసార్లు సహజంగా చెయ్యి ఆగుతుందో షాపులో కూర్చుని లెక్కపెట్టాం. బాబిన్ దారం అయిపోయినప్పుడు ఎలాగూ ఆగాలి. చుట్టి ఉంచిన బాబిన్లు పక్క సొరుగులో ఉండేవి. వాటిని ఎదురుగోడ అల్మరా పై అరలోకి మార్చాం. బాబిన్ అయిపోతే లేవాలి, లేచేటప్పుడు చేతులు ఆన్చకుండా ఐదుసార్లు లేచి కూర్చుని అప్పుడు వెళ్లాలి. ఇస్త్రీ పెట్టె లోపలి గదిలోకి పోయింది. కటింగ్ చాప తీసేసి పాత డైనింగ్ టేబుల్ కాళ్ల కింద కొయ్య ముక్కలు పెట్టి నడుం ఎత్తుకి లేపాం. మొదటి వారం నిలబడి కత్తిరిస్తే గీత వంకర పోతోందని సణిగింది. రెండో వారంలో మర్చిపోయింది.

ముగ్గు దగ్గర మాత్రం ఓడిపోయాను. "మానమంటే మీ దగ్గరికి రావడం మానేస్తా" అంది. సరే, నడుం వంచి కాకుండా పొట్టి పీట మీద కూర్చుని, నీళ్లు ఆరాక, లైటు వేసుకుని, పట్టున్న చెప్పులతో అన్నాను. పండగ రోజుల్లో పెద్ద ముగ్గుకి కూతుర్ని పిలుస్తుంది. ధనుర్మాసంలో ఏం చేస్తోందో నేను అడగలేదు.

పద్నాలుగో నెల

ఐదుసార్లు లేవడం 9.8 సెకన్లకి వచ్చింది. ఎడమ కాలి మీద 17 సెకన్లు. పీట మీద నుంచి 32 కిలోలు ఎత్తుతోంది. మళ్లీ పడలేదు. డెక్సా అదే మిషన్ మీద తీయించాం, వేరే మిషన్ మీద తీస్తే పోల్చడానికి లేదు. వెన్ను 4 శాతం పెరిగింది, తుంటి మెడ 1 శాతం. తుంటి ఒక శాతాన్ని నేను పెరిగినట్టు లెక్కపెట్టను. మనిషిని దింపి మళ్లీ పడుకోబెట్టినా అంత తేడా రావచ్చు. వెన్ను నాలుగు శాతంలో ఎక్కువ భాగం ఇంజెక్షన్‌దే అయి ఉంటుంది. నా బరువులదెంత అన్నది ఒక్క మనిషిని చూసి విడదీయలేం, విడదీసి చెప్తే అది అబద్ధమవుతుంది. సెకన్ల విషయంలో మాత్రం నాకు అనుమానం లేదు. ఇంజెక్షన్ ఎవర్నీ కుర్చీలోంచి లేపదు.

ఈ కేసు తర్వాత నా క్లినిక్‌లో మూడు మారాయి. యాభై దాటినవాళ్లు మణికట్టు విరిగి వస్తే, చెయ్యి ముట్టుకునే ముందే డెక్సా అయిందా అని అడుగుతాను. టీ-స్కోరు తక్కువైతే వ్యాయామం కన్నా ముందు "వంగొద్దు" కాగితం ఇస్తాను. అందులో రెండే బొమ్మలుంటాయి. ఇక ఎత్తు తగ్గారా అని కాకుండా, జాకెట్టు వెనక లేస్తోందా అని అడుగుతాను. ఈ ప్రశ్నకి "అవును, ఏడాదిగా" అన్నవాళ్లను ఎక్స్‌రేకి పంపించాను, అందరికీ ఏదో ఒకటి బయటపడలేదు గానీ.

పోయిన మాఘంలో పెళ్లిళ్ల రద్దీ వల్ల ఆమె ఐదు వారాలు రాలేదు. వచ్చిన రోజు 32 ఎత్తబోతే ఒప్పుకోలేదు, 24 దగ్గర మళ్లీ మొదలుపెట్టాం. "ఐదు వారాలకే ఇంత పోతుందా?" అని అడిగింది. పోతుందన్నాను. పెళ్లిళ్ల నెలల్లో వారానికి ఒక్కరోజైనా, ఇరవై నిమిషాలైనా వస్తానని తన ఆర్డర్ల పుస్తకంలోనే రాసుకుంది. గురువారం, రెండున్నర, ఎవరివో రెండు పట్టు జాకెట్ల డెలివరీకి కింద.